నర్సమ్మ ఉప్పు, నక్షత్రం వెలుగు

ఆ రోజు రత్నాబాయి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున్నే పంపు స్టవ్వు మీద చాయ్ కాచి, స్టవ్వు చల్లారగానే సంచిలో పెట్టుకోవాలి. తాముండే చాల్‌లో గది గదికీ తిరిగి దొరికినన్ని దుప్పట్లు పోగుచేసి బడిలో ఒక గది కిటికీలకు కట్టాలి. మధ్యాహ్నం మూడింటికి విద్యాధికారి పరాంజపే సాహెబ్‌ను ఆ చీకట్లో కూర్చోబెట్టి, ఎక్కడో దూరాన నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల మీద గాలి ఉందో లేదో, ఉంటే అందులో ఏమేం కలిసి ఉన్నాయో, బొంబాయి కామాటిపుర గల్లీలో కూర్చుని ఎలా తెలుసుకోవచ్చో చూపించాలి. అంతే. దుప్పట్ల పని మొగుడికి అప్పగించడమే ఆమె చేసిన పొరపాటని తర్వాత చాలామంది అన్నారు గానీ, అది అన్యాయం. అత్తగారి వాటా కూడా తక్కువదేమీ కాదు.

రత్నాబాయి ఆ గల్లీలోని తెలుగు బడిలో సైన్సు టీచరు. తాను చదువుకున్నదీ ఆ బడిలోనే, ఆ బెంచీల మీదే. తాతల కాలంలో పాలమూరు నుంచి రాళ్లెత్తడానికి వచ్చినవాళ్ల పిల్లలతో ఒకప్పుడు కిటకిటలాడిన బడి అది. ఇప్పుడు ఏడో తరగతిలో బెంచీలే ఎక్కువ, పిల్లలు తక్కువ. వచ్చే జూన్ నుంచి ఏడో తరగతిని గ్రాంట్ రోడ్ అవతలి మరాఠీ బడిలో కలిపేద్దామా అని పైవాళ్లు ఆలోచిస్తున్నారు. తల్లిదండ్రులకే పట్టనప్పుడు మనకెందుకు అన్నది పరాంజపే సాహెబ్ వాదన. అయినా సైన్సు ప్రదర్శన ఒకసారి కళ్లారా చూసి, ఆ తర్వాతే ఏ సంగతైనా చెబుతానని హెడ్మాస్టరు తుకారాంకు మాట ఇచ్చాడు.

కలిపేస్తే ఏమవుతుందో రత్నాబాయికి ఎవరూ చెప్పనక్కరలేదు. మగపిల్లలు వర్క్‌షాపుల్లో చేరిపోతారు, ఆడపిల్లలు తల్లుల వెంట ఇళ్లలో పనికి పోతారు, అవతలి బడి గడప ఒక్కరూ తొక్కరు. ఆ కబురు విన్నప్పుడు ఆమెకు ముందు ఏడుపు వచ్చింది, తర్వాత కోపం వచ్చింది. ఏడుపు పూట గడవకుండానే పోయింది. కోపం మాత్రం ఆమెతోపాటు రోజూ బడికి వెళ్లి వస్తోంది.

తోకచుక్క వచ్చి వెళ్లిన ఏడాది అది. బొంబాయిలో ఏ బడికి వెళ్లినా చీపురుపుల్లల తోకతో ఒక తోకచుక్క వేలాడుతూ ఉండేది. అది కాకపోతే మట్టితో చేసిన అగ్నిపర్వతం. ఎవరూ పెట్టనిది పెట్టాలని రత్నాబాయి పట్టుబట్టింది. ఒక నక్షత్రం చుట్టూ ధూళి చక్రం కనబడిందనీ, అక్కడ గ్రహాలు ఉన్నా ఉండవచ్చనీ ఒక మరాఠీ పత్రికలో చదివి, ఆ రోజే విషయం ఖాయం చేసుకుంది. తుకారాం తల గోక్కున్నాడు. అటువంటి గ్రహాలను ఎవరైనా చూశారా అని అడిగాడు. ఇంకా లేదంది.

"చూడని గ్రహానికి గాలి ఉందా లేదా అని మనకెందుకు బాయీ పరేషాని?"

"చూసినంక నేర్చుకుంటమంటే ఆలస్యమైతది సర్. అవి కనవడ్డ నాటికి మన పిల్లలు తయారుగ ఉండాలె," అంది రత్నాబాయి. తుకారాం ఆ తర్వాత ఆ ప్రస్తావన తేలేదు.

ఆమె ఏర్పాటు చాలా సులువైనది. స్టవ్వు నీలిమంటలో ఉప్పు పడితే మంట పసుపుపచ్చగా మారుతుంది. ఆ వెలుగును రేకుడబ్బాకు కోసిన సన్నని చీలికలోంచి పంపి, చోర్ బజారులో కొన్న, షాండ్లియర్ దీపానికి వేలాడే గాజుముక్కలోంచి దాటిస్తే గోడ మీద పసుపు గీత పడుతుంది. అది ఉప్పు గుర్తు. అదే ఉప్పు ఆవిరి ఒక నక్షత్రపు వెలుగుకు అడ్డం వచ్చిందనుకోండి, సరిగ్గా ఆ పసుపునే మింగేస్తుంది. వచ్చిన వెలుగులో ఏ రంగు తగ్గిందో చూస్తే అడ్డం వచ్చిన గాలిలో ఏముందో చెప్పేయవచ్చు. అక్కడిదాకా పోనవసరం లేదు. ఇంట్లో ఆమె దీన్ని ఎన్నిసార్లు చేసి చూసుకుందంటే, గోడ మీద పసుపు గీత పడకపోతే ఆ ఇంట్లో వంట మొదలు కానట్టే.

ఇక నర్సమ్మ సంగతి. దిష్టి తీయడానికి ఆ గల్లీలో నర్సమ్మ పెట్టింది పేరు. పసిపిల్ల పాలు తాగకపోయినా, ఎవరైనా కొత్త టాక్సీ కొన్నా, ముందు కబురు ఆమెకే. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని మనిషి చుట్టూ తిప్పి నిప్పులో వేస్తుంది. ఘాటు లేచి అందరూ దగ్గితే దిష్టి లేదని లెక్క. మిరపకాయలు మాడి మసైనా ముక్కుకు ఏమీ సోకకపోతే, ఉన్న దిష్టినంతా అవే మింగేశాయని లెక్క. నేను సైన్సు చెప్పేదాన్ని, నా మీద ఇవేవీ తిప్పొద్దు అని రత్నాబాయి పెళ్లయిన కొత్తలోనే అత్తగారికి చెప్పేసింది. నర్సమ్మ సరేనంది. సరేనన్నాక వెనక నుంచి తిప్పడం అలవాటు చేసుకుంది.

ఆ రోజూ అదే జరిగింది. కోడలు పెద్ద సాహెబ్ ముందు నిలబడి మాట్లాడబోతోంది. పదిమంది కళ్లూ పడతాయి. రత్నాబాయి అద్దం ముందు జడ వేసుకుంటుంటే నర్సమ్మ వెనక నుంచి చకచకా తిప్పేసింది. తిప్పి చూసుకుంటే పొయ్యి లేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్టవ్వు అప్పటికే సంచిలో కూర్చుంది. ఒక ఇంటి దిష్టి ఇంకో ఇంటి పొయ్యిలో వేయకూడదు. అలాగని ఇంట్లో ఉంచకూడదు, బయట పారేస్తే ఎవరైనా తొక్కుతారు. గుప్పిట మూసుకుని నిలబడ్డ నర్సమ్మకు సంచిలో స్టవ్వు పక్కనే తెల్లగుడ్డ మూట ఒకటి కనిపించింది. అందులో దొడ్డుప్పు ఉందనీ, కోడలు దాన్ని బడిలో మంటలో పెడుతుందనీ ఆమెకు తెలుసు. మూట విప్పింది, ఆ ఉప్పు తీసింది, తన గుప్పిట్లోని మిరపకాయలు బాగా నలిపి, దిష్టి తీసిన ఉప్పుతో సహా అందులో పోసి, మళ్లీ అలాగే ముడి వేసింది.

ఇందులో ఆమెను తప్పుపట్టడానికి ఏముందో చెప్పండి. స్టవ్వు ఇంటిదే. ఉప్పు ఉప్పే. మంటలో పడాల్సింది మంటలోనే పడుతుంది. తీసిన ఉప్పును వంట డబ్బాలో పోసేసింది కూడా. నర్సమ్మ ఏదీ వృథా పోనివ్వదు.

ఆ సమయానికి రత్నాబాయి భర్త శివరాం దుప్పట్ల కోసం చాల్ మెట్లెక్కుతున్నాడు. శివరాం సిటీ బస్సు కండక్టరు. ఆ రోజు అతనికి సెలవు. జనంతో వాదన పెట్టుకోకూడదన్నది ఉద్యోగం అతనికి నేర్పిన మొదటి పాఠం. ఎవరేమన్నా "హా హా, ముందుకు జరగండి" అనడం రెండో పాఠం. మొదటి గుమ్మం దగ్గర గ్రహాల గాలి గురించి చెప్పబోయాడు పాపం. అక్కడుండే మొగులయ్య అంతా విని, చుక్కల మీద అంత చలి ఉంటుందా అని అడిగాడు. దాంతో శివరాం గ్రహాలను వదిలేసి, బడికి కార్పొరేషన్ సాహెబ్ వస్తున్నాడు, దుప్పట్లు కావాలి అని మాత్రం చెప్పడం మొదలుపెట్టాడు. పై అంతస్తులో అంజమ్మ అడ్డం నిలబడింది.

"పాతయి తీస్కోని కొత్తయి ఇస్తరా ఏంది శివరామన్నా?"

"హా హా, ముందుకు జరుగు," అన్నాడు శివరాం. మెట్ల మీద నిజంగానే చోటు లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరి దుప్పటి వాళ్లకు తిరిగి చేరాలి కదా అని, ప్రయాణికులు పారేసిన బస్సు టికెట్లు అతను ఏరి తెచ్చి దాచిన డబ్బా ఒకటి బయటికి తీశాడు. ఒక్కో టికెట్టును రెండుగా చింపి, సగం దుప్పటికి గుచ్చి, సగం దుప్పటి ఇచ్చినవాళ్ల చేతిలో పెట్టాడు. పెట్టేముందు చెయ్యి ఊరుకోక దానికి పంచ్‌తో ఒక రంధ్రం కూడా పొడిచాడు. బొంబాయిలో పేదవాడి చేతిలో రంధ్రం పొడిచిన టికెట్టు పెడితే దానికి ఒకటే అర్థం. ఎక్కడో ఏదో ఇస్తున్నారు, ఆలస్యం చేస్తే అయిపోతుంది.

నల్లా దగ్గర ఆ కబురు పాత దుప్పటికి కొత్త దుప్పటిగా ఉంది. పిండిమర దగ్గరికి వచ్చేసరికి ఒక పాతదానికి రెండు కొత్తవయ్యాయి. పక్క గల్లీ చేరేసరికి చిరిగిన దుప్పటికే ముందు ఇస్తారన్న షరతు కూడా తోడైంది. అసలే డిసెంబరు. పొద్దున శివరాంకు మంచి దుప్పటి ఇచ్చేసినవాళ్లు ఇంట్లో ఉన్న చిరిగినది చంకన పెట్టుకుని బయల్దేరారు. పొద్దున ఇవ్వనివాళ్లు పొరుగువాళ్లను బతిమాలి సగం టికెట్టులో సగం చింపించుకున్నారు. అందరికంటే ముందు బడి తలుపు దగ్గర చేరింది నర్సమ్మ. కోడలు పనిచేసే బడి, వెనక నిలబడితే ఏం మర్యాద?

బడి లోపల రత్నాబాయికి ఇదేమీ తెలియదు. కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టించింది. వెలుగు చుక్క కూడా రాకుండా సందుల్లో గుడ్డపేలికలు కుక్కించింది. పరాంజపే సాహెబ్ సరిగ్గా చెప్పిన వేళకు వచ్చాడు. సన్నగా, విసిగిపోయినట్టు ఉన్నాడు. కూర్చోబోయేముందు ఇక్కడ తోకచుక్క లేదు కదా అని మరాఠీలో అడిగాడు. లేదని రత్నాబాయి చెప్పగానే ఆయన ముఖం కాస్త తేరుకుంది. ఆయన ముందు బెంచీలో, ఏడో తరగతి పిల్లలు వెనక, తుకారాం గోడవార సర్దుకున్నారు. తలుపు మూశారు. అది నేరుగా గల్లీలోకి, బయటికి తెరుచుకునే తలుపు అన్న సంగతి గుర్తుపెట్టుకోండి.

స్టవ్వు నీలంగా వెలిగింది. రత్నాబాయి సాహెబ్‌కు మరాఠీలో ఒక మాట, పిల్లలకు తెలుగులో ఒక మాట చెప్పుకుంటూ, ఉప్పు మూటను పట్టకారుతో మంటలో పెట్టింది. గుడ్డ అంటుకుంది. చిటపటమంది. మంట పసుపెక్కింది. గోడ మీద పసుపు గీత పడింది. ఇంట్లో ఎన్నడూ అంత చక్కగా పడలేదు. సాహెబ్ బెంచీలోంచి ముందుకు వంగాడు. పిల్లలు ఒక్కసారిగా "ఆ" అన్నారు. రత్నాబాయికి ఆ క్షణం సంతోషంతో గొంతు పూడుకుపోయింది. నిజంగా సంతోషంతోనే. మిరపకాయలు అంటుకున్నది ఆ తర్వాత.

ముందుకు వంగి ఉన్నాడు కాబట్టి మొదటి వాటా సాహెబ్‌కే దక్కింది. ఆయన మొదట మర్యాదగా, చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గాడు. తర్వాత మర్యాద లేకుండా దగ్గాడు. పిల్లలు అందుకున్నారు. తుకారాం తుమ్ములు మొదలుపెట్టాడు. స్టవ్వులో కిరసనాయిలు చెడిందేమో అనుకుంది రత్నాబాయి. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నా పట్టకారు మాత్రం దించలేదు. గోడ మీద గీత ఇంకా ఉంది మరి. ఆ గ్రహం మీద గాలి గనక ఉంటే, అని మొదలుపెట్టిన మాటను ఆమె దగ్గుల మధ్య ఎన్నిసార్లు ఎత్తుకున్నా అది గ్రహం దాటి ముందుకు పోలేదు.

తుకారాం తలుపు మీద పడ్డాడు. తలుపు కదల్లేదు. బయట గల్లీ గల్లీ అంతా దానికి ఆనుకుని ఉంది. లోపలినుంచి ఎవరో తోస్తున్నారంటే పంపకం మొదలైందన్నమాట అనుకుని, జనం ఇంకా గట్టిగా ఆనుకున్నారు. తుకారాం తలుపు తీయమని అరిస్తే, లైన్లో రమ్మని బయట ఒకరినొకరు కసురుకున్నారు. ఇక లాభం లేదని రత్నాబాయి పట్టకారు వదిలేసి, పొద్దున్నుంచి తానే కట్టించిన దుప్పట్లను ఒక్కొక్కటే పీకి పారేసింది. లోపలి పొగ గుప్పుమని గల్లీలో పడింది. తలుపును ఆనుకున్న జనం ఒక్క అడుగులో రోడ్డు అవతల ఉన్నారు.

పరాంజపే సాహెబ్‌ను పట్టుకుని తెచ్చి బడి మెట్ల మీద కూర్చోబెట్టారు. ఆయన కళ్లు తెరవలేకపోతున్నాడు. లోపల ఏ గ్యాసు వదిలారో ఇప్పటికిప్పుడు చెప్పాలని బొంగురుపోయిన గొంతుతో అడిగాడు. రత్నాబాయికి నిజంగా తెలియదు. వెనక తన పిల్లలు మెట్ల మీద కూర్చుని దగ్గుతున్నారు. ఇక జూన్‌లో ఏడో తరగతి పోవడం ఖాయమనిపించింది. ఏం చేయాలో తోచక రోడ్డు అవతలి జనం వైపు తిరిగింది.

"లోపట ఏం కాలిందో మీకెవలకన్న తెలుసా?"

"ఎండుమిరపకాయలు," అంది అంజమ్మ అక్కడినుంచే, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"ఉప్పు గూడ. చిటపటమన్నది," అన్నారు ఇంకెవరో.

"ఆవాలు గూడ ఏసిన్రు," అన్నాడు మొగులయ్య.

"ఆవాలెక్కడియి? నేను ఆవాలెయ్యనే లేదు," అంది నర్సమ్మ.

రత్నాబాయి అత్తగారి వైపు చూసింది. కొన్నేళ్లపాటు మాట్లాడుకోవాల్సినంత ఉంది ఆ చూపులో. నర్సమ్మ చంకలోని చిరుగుల దుప్పటి తీసి, చాలా శ్రద్ధగా మడత పెట్టడం మొదలుపెట్టింది.

ఇంకొకరైతే అక్కడే కూలబడేవాళ్లు. రత్నాబాయి కూలబడలేదు. ఆ చూపు సాహెబ్ వైపు తిప్పుకునేలోపే ఆమెకు దారి దొరికింది. కొంగుతో ముఖం తుడుచుకుని, మెట్టు మీద ఆయన ముందు నిలబడి మరాఠీలో చెప్పింది. వీళ్లలో ఒక్కరు కూడా లోపలికి రాలేదు సాహెబ్. లోపల ఏం జరిగిందో చూడలేదు. ఆ గదిలోంచి తమదాకా వచ్చినదాన్ని బట్టి ఆ గాలిలో ఏమున్నదో రోడ్డు అవతలినుంచే చెప్పారు, ఒక్క ఆవాల దగ్గర తప్ప. నేను చూపించాలనుకున్నదీ ఇదే. ఆ గ్రహాల దగ్గరికి మనం పోలేం. అక్కడినుంచి మనదాకా వచ్చేది వెలుగు ఒక్కటే. దాన్ని చదవడం వస్తే చాలు.

సాహెబ్ కళ్లు మూసుకునే విన్నాడు. ఇదంతా పిల్లలకు అర్థమైందా అని అడిగాడు. తరగతిలో ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునే వెంకటమ్మ లేచి, ముక్కు తుడుచుకుంది.

"అయింది సార్. మనం ఆడిదాక పోవుడు అవసరం లేదు. సుక్క ఎలుగు ఆ గాలిలకెల్లి వచ్చేటప్పుడు దగ్గుతది. ఎట్ల దగ్గిందో చూస్తే ఆ గాలిల ఏమున్నదో తెలుస్తది."

తుకారాం తుమ్ముకుంటూనే దాన్ని మరాఠీలోకి మార్చి చెప్పాడు. సాహెబ్‌కు నవ్వొచ్చింది, నవ్వు వెంటే దగ్గొచ్చింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో గొంతులోకి దిగిన ప్రదర్శన ఇదొక్కటే అన్నాడు. అయినా పాఠం బాగుంటే సరిపోదనీ, ఈ గల్లీలో తల్లిదండ్రులకు చదువు మీద పట్టింపు ఉంటేనే కదా తరగతి నిలిచేదనీ అంటూ, మొదటిసారి కళ్లు రవ్వంత తెరిచాడు.

ఎదురుగా రోడ్డు పట్టనంత జనం. ఘాటు తగ్గగానే అందరూ మళ్లీ వరుసలోకి వచ్చేశారు. అందరి చేతులూ పైకి లేచి ఉన్నాయి. ప్రతి చేతిలో ఏదో రంగు కాగితం ముక్క.

"ఏమిటవి?" అన్నాడు సాహెబ్.

"టికెట్లు సాహెబ్," అన్నాడు తుకారాం, తడికళ్లతో తనకు కనబడినంత మేరకు.

టికెట్లు. నక్షత్రాల గురించి, గ్రహాల గాలి గురించి వినడానికి టికెట్లు తీసుకుని వరుసలో నిలబడ్డ తల్లిదండ్రులు. ఆయన నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. అందరి చంకల్లోనూ దుప్పట్లు. చుక్కలు పొడిచేదాకా ఇక్కడే ఉండి చూసిపోదామని దుప్పట్లు కూడా తెచ్చుకున్నారు వీళ్లు, అన్నాడు తుకారాంతో. ఆ గొంతు వణికింది. మిరపకాయల వల్లే కాదు. ఏ బడిలోనూ తాను ఇటువంటిది చూడలేదనీ, ఏడో తరగతి ఇక్కడే, తెలుగులోనే ఉంటుందనీ, ఎవరు అడ్డం చెప్పినా తాను చూసుకుంటాననీ జనానికి వినబడేలా ప్రకటించాడు. బొంగురు గొంతులో మాటలు సగమే అర్థమైనా, సాహెబ్ చెయ్యెత్తి అంత గట్టిగా మాట ఇచ్చాడంటే అది దుప్పట్ల గురించే అయి ఉంటుందని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విని సాహెబ్‌కు ఇంకో విడత కన్నీళ్లు వచ్చాయి.

నిజం చెప్పేద్దామని రత్నాబాయి నోరు తెరిచింది. దగ్గు వచ్చింది. ఆ దగ్గును ఆమె కాస్త పొడిగించింది.

సాహెబ్ టాక్సీ మలుపు తిరిగాక శివరాం టికెట్లు జత చూసి ఎవరి దుప్పటి వాళ్లకు ఇచ్చేశాడు. అన్నిటికీ ఒకటే వాసన. కొత్తవి ఎప్పుడిస్తారని అంజమ్మ ఒకటికి రెండుసార్లు అడిగింది. శివరాం ఆమెను కూడా ముందుకు జరగమన్నాడు. తరగతి గదిలో ఏడో తరగతి పిల్లలు బెంచీలు సర్దుతున్నారు. ఆ బెంచీల వంక రత్నాబాయి చాలాసేపు చూస్తూ నిలబడింది. వచ్చే జూన్‌లో కూడా ఇవి ఇక్కడే ఉంటాయి. మధ్యాహ్నం నుంచి కళ్లు కారుతున్న మనిషి కాబట్టి ఆమె ఏడుస్తోందని ఎవరికీ తెలియలేదు.

దీపాలు పెట్టే వేళకు స్టవ్వు ఇంటికి చేరింది. నర్సమ్మ కోడలి ఎదురుగా నిలబడి, ఉన్న మాట చెప్పేసింది.

"అంత ఘాటొచ్చిందంటే పొద్దుగాల నీకు ఎవ్వల దిష్టి లేదు బిడ్డా. ఇప్పుడైతే ఉంటది. గల్లీ అంత చూసింది."

రత్నాబాయి అత్తగారిని తిడదామనే అనుకుంది. మధ్యాహ్నం నుంచి పోగుచేసుకున్న మాటలు చాలానే ఉన్నాయి. కానీ ఆ ముసలి చేతిలో ఉప్పూ మిరపకాయలూ చూసేసరికి ఏ ఒక్కటీ నోటికి రాలేదు. పీట వాల్చుకుని కూర్చుంది.

"ఈసారి ముందలికెల్లి తిప్పు అత్తా," అంది.

నర్సమ్మ తిప్పింది. ఆవాలు కూడా వేసింది, మొగులయ్య నోరు మూయించడానికి. స్టవ్వు మీద మిరపకాయలు భగ్గుమని నల్లగా మాడిపోయాయి. రత్నాబాయి దగ్గలేదు. శివరాం దగ్గలేదు. పక్క గదుల్లోంచి కూడా ఒక్క దగ్గు వినబడలేదు. చూశావా ఎంత దిష్టో, మొత్తం మింగేసింది అని నర్సమ్మ తృప్తిగా చేతులు కడుక్కుంది.

నిజానికి ఆ సాయంత్రం ఆ చాల్ మొత్తంలో పనిచేస్తున్న ముక్కు ఒక్కటి కూడా లేదు.